కిరీటంలో కల్తీ, నీళ్లలో తూకం

ప్రశ్న: ఆర్కిమెడీస్ స్నానం మధ్యలో ‘యురేకా’ అని అరుస్తూ వీధిలోకి పరుగెత్తాడని చదువుకున్నాం. కిరీటాన్ని నీళ్లలో ముంచి కల్తీ పట్టడం నిజంగా కుదిరే పనేనా? ఇంట్లో నగల్ని అలా చూసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సూత్రానికి తిరుగులేదు: ఒకే బరువున్నా వెండి బంగారం కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, కాబట్టి వెండి కలిసిన కిరీటం ఎక్కువ నీళ్లను పక్కకు నెడుతుంది. అనుమానమంతా కథ మీదే. ఆర్కిమెడీస్ చనిపోయింది క్రీ.పూ. 212లో. ఈ కథ చెప్పిన రోమన్ వాస్తుశిల్పి విట్రువియస్ దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాతివాడు. తేలే వస్తువుల మీద ఆర్కిమెడీస్ స్వయంగా రాసిన గ్రంథంలో కిరీటం ఊసే లేదు.

విట్రువియస్ చెప్పిందిదీ: సిరాక్యూస్ రాజు హియరో తూచి ఇచ్చిన బంగారంలో పనివాడు కొంత నొక్కేసి, అంతే బరువు వెండి కలిపాడు. ఆర్కిమెడీస్ కిరీటంతో సరితూగే బంగారు ముద్దనూ వెండి ముద్దనూ తీసుకుని, ఒక్కోదాన్నీ నిండు పాత్రలో ముంచి తీసి, తగ్గిన నీళ్లను కొలిచి పోశాడు. తర్వాత కిరీటాన్నీ అలాగే ముంచి చూశాడు.

లెక్క వేస్తే చిక్కు బయటపడుతుంది. కిలో కిరీటం మేలిమిదైతే దాని ఘనపరిమాణం సుమారు 52 ఘన సెంటీమీటర్లు. అందులో 300 గ్రాములు వెండి అయితే 65. కిరీటం పట్టేలా 20 సెంటీమీటర్ల వెడల్పున్న పాత్ర తీసుకుంటే, ఆ 13 తేడాకి నీటిమట్టంలో వచ్చే మార్పు 0.4 మిల్లీమీటర్లు! నిండు పాత్ర అంచున నీళ్లు అంతకంటే ఎక్కువే ఉబ్బి నిలబడతాయి. అందుకే గెలీలియో 1586లో, ఆర్కిమెడీస్ వాడింది నీళ్లలో తూచే త్రాసే అయి ఉంటుందని వాదించాడు. అదే నమ్మదగ్గ మాట. మునిగిన వస్తువు తాను నెట్టిన నీళ్ల బరువంత తేలికవుతుంది, ఘన సెంటీమీటరు నీళ్లు ఒక గ్రాము. కాబట్టి త్రాసు మీద ఆ తేడా 13 గ్రాములు, ఎవరికైనా కనిపిస్తుంది.

ఇంట్లో చేయాలంటే 0.01 గ్రాము చూపే డిజిటల్ కాటా కావాలి. కూరగాయల కాటా పనికిరాదు. ముందు నగను పొడిగా తూచండి. తర్వాత గ్లాసు నీళ్లు కాటా మీద పెట్టి సున్నా చేసి, నగను సన్నని దారంతో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకి, గోడకి తగలకూడదు. బుడగలుంటే దారాన్ని కదిపి వదిలించండి. మొదటి బరువును ఇప్పుడు కనిపించే అంకెతో భాగించండి. 22 క్యారెట్లదైతే 17.5–18 మధ్య వస్తుంది. 20 గ్రాముల గాజుకి కాటా 1.13 చూపితే 17.7, అంటే సరే. 1.30 చూపితే 15.4, అనుమానించాల్సిందే.

రాళ్లు పొదిగినవి, లక్క నింపినవి, లోపల బోలుగా ఉన్నవి మాత్రం ఇలా చూడొద్దు. మంచి బంగారమైనా భాగిస్తే వచ్చే అంకె తక్కువే ఉంటుంది, పైగా లోపలికి నీళ్లు చేరతాయి.