ఉప్పునీళ్ళలో నానబెడితే చాలా?

ప్రశ్న: విజయనగరం రైతుబజారులో ఆకుకూరలు కొంటాను. వాడిపోకుండా వాటిమీద పదే పదే నీళ్ళు చల్లుతుంటారు. ఇంటికొచ్చి ఉప్పునీళ్ళలో నానబెడితే సరిపోతుందా? మూడేళ్ళ పాప ఉంది, టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: సరిపోదమ్మా. ఉప్పునీళ్ళకి మట్టి, పురుగులు ఊడొస్తాయి గానీ ఈ.కోలి, సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా చావవు, పైగా ఒక్క కట్టకున్నది ఆ గిన్నెలో నానిన అన్నిటికీ అంటుకోవచ్చు. వేళ్ళు కోసేసి, కట్ట విప్పి, కుళాయి ధార కింద ఆకు ఆకూ కడగండి. సబ్బు మాత్రం వద్దు. ఎంత కడిగినా తగ్గుతాయే తప్ప పూర్తిగా పోవు, అందుకే పప్పులో బాగా ఉడికిన పాలకూర గురించి నాకు బెంగ లేదు, నా భయమంతా దించాక పచ్చిగా చల్లే కొత్తిమీర, బండి మీద కోసిపెట్టిన కీరా ముక్కలు, ఇంకా ముఖ్యంగా మొలకలు. గింజ మొలకెత్తడానికి కావలసిన వెచ్చదనం, తేమే బ్యాక్టీరియాకీ కావాలి. 2011లో జర్మనీలో మొలకల ద్వారా పాకిన ఈ.కోలికి 50 మందికి పైగా చనిపోయారు, మెంతి గింజల నుంచి వచ్చిందని తేల్చారు. పాపకి మొలకలు ఉడికించే పెట్టండి. చేపలు కోసిన కత్తిపీటని సబ్బుతో కడగకుండా దానిమీద కొత్తిమీర తరగకండి.