కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించాను.. విండోస్‌కి కనిపించడం లేదేం?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ (డేటా దాచే డ్రైవ్) పాడైతే 500 జీబీ ఎన్‌వీఎంఈ (వేగవంతమైన రకం) ఎస్‌ఎస్‌డీ కొని బిగించాను. పెన్‌డ్రైవ్‌తో విండోస్ 11 ఇన్‌స్టాల్ చేయబోతే, డ్రైవ్ ఎంచుకునే దగ్గర జాబితా ఖాళీగా వస్తోంది. ప్రాసెసర్ ఇంటెల్ 12వ తరం. డ్రైవ్ లోపమా, వాపసు ఇచ్చేయనా? విండోస్ కీ కూడా నా దగ్గర లేదు.

సమాధానం: వాపసు మాట తర్వాత. ముందు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లోకి) వెళ్లండి. ఆన్ చేయగానే ఎఫ్2, కొన్నిటిలో డిలీట్ లేదా ఎఫ్10 నొక్కాలి. అక్కడ స్టోరేజ్ వివరాల్లో ఎస్‌ఎస్‌డీ మోడల్ పేరు కనిపిస్తే, డ్రైవ్ సరిగ్గానే కూర్చుంది. తేడా ఉన్నది ఇన్‌స్టాలర్‌తోనే.

బయోస్‌లోనూ లేకపోతే ల్యాప్‌టాప్ మళ్లీ విప్పాల్సిందే. బ్యాటరీ కనెక్టర్ తీశాకే డ్రైవ్‌ని ముట్టుకోండి. ఎం.2 కార్డును (అంటే ఆ ఎస్‌ఎస్‌డీనే) ఏటవాలుగా చివరిదాకా తోసి, ఆ తర్వాతే కిందికి నొక్కి స్క్రూ బిగించాలి. బంగారు రంగు పిన్నులు బయటికి బాగా కనబడుతున్నాయంటే అది పూర్తిగా దిగనట్టే. ఒకవేళ కార్డు అంచున రెండు గాట్లు ఉంటే అది చాలావరకు సాటా (నెమ్మదైన పాత పద్ధతి) రకం. ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకునే స్లాట్‌లో అది బుద్ధిగా దూరుతుంది, బిగుస్తుంది, పని మాత్రం చేయదు. ఎన్‌వీఎంఈకి సాధారణంగా ఒకటే గాటు.

మీది 12వ తరం అన్నారు కాబట్టి నా అనుమానమంతా వీఎండీ మీదే. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో ఎన్‌వీఎంఈ డ్రైవ్‌ని నేరుగా చూపకుండా, వీఎండీ అనే కంట్రోలర్ వెనక ఉంచుతున్నారు. దాని డ్రైవర్ (దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) విండోస్ పెన్‌డ్రైవ్‌లో లేకపోతే ఇన్‌స్టాలర్‌కి అక్కడ డ్రైవ్ ఉన్నట్టే తెలియదు. దీన్ని దాటడానికి రెండు దారులు.

మొదటిది, బయోస్‌లో వీఎండీ కంట్రోలర్‌ని డిసేబుల్ చేసి సేవ్ చేయడం. ఉన్నది ఒక్క ఎస్‌ఎస్‌డీయే, రెయిడ్ (కొన్ని డ్రైవ్‌లను కలిపి వాడడం) ఊసు లేదు కాబట్టి మీకు నష్టమేమీ ఉండదు. కొన్ని ఏసర్ మోడళ్లలో ఈ ఆప్షన్ దాగి ఉంటుంది. బయోస్ మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటపడుతుంది. అయితే విండోస్ ఎక్కించాక ఈ సెట్టింగ్‌ని మళ్లీ మార్చకండి. మారిస్తే విండోస్ బూట్ అవ్వక నీలి తెర పడుతుంది.

రెండోది, డ్రైవర్ లోడ్ చేయడం. మీ మోడల్ సపోర్ట్ పేజీ నుంచి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ (వీఎండీ డ్రైవర్ ఉండేది ఇందులోనే) దించుకోండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. దించిన ఎక్స్ఈ ఫైల్‌ని అలాగే పెన్‌డ్రైవ్‌లో పడేస్తే ఇన్‌స్టాలర్ దాన్ని పట్టించుకోదు. దానికి కావాల్సింది ఐఎన్ఎఫ్, ఎస్‌వైఎస్ ఫైళ్లు విడివిడిగా ఉన్న ఫోల్డర్. సెటప్ ఆర్‌ఎస్‌టీ అనే ఫైలైతే, మరో కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఫైల్ పేరు, ఖాళీ, హైఫన్, ఆ వెంటనే ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అని ఒకే పదంగా, చివర ఫోల్డర్ పేరు టైప్ చేస్తే ఫైళ్లు విడిపోతాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఇన్‌స్టాలర్‌లో ‘లోడ్ డ్రైవర్’ నొక్కి ఆ ఫోల్డర్ చూపించండి. పేరులో వీఎండీ ఉన్నదాన్ని ఎంచుకుంటే ఎస్‌ఎస్‌డీ ప్రత్యక్షమవుతుంది. బయోస్‌లో వీఎండీ ఆప్షనే లేనివారికి ఇదే గతి. ఉన్నవారికి మొదటి దారే సులువు.

డ్రైవ్ కనిపించాక 465 జీబీ చిల్లర ‘అన్‌అలొకేటెడ్’ (ఇంకా విభజించని ఖాళీ జాగా) అని ఉంటుంది. 35 జీబీ ఏమైందని కంగారు వద్దు. తయారీదారు లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1024తో. మీరు పార్టిషన్లు చేయకుండా దాన్నే ఎంచుకుని నెక్స్ట్ నొక్కండి, బూట్‌కి కావాల్సిన చిన్న పార్టిషన్లు విండోసే చేసుకుంటుంది. ఎక్కడో వాడిన ఎస్‌ఎస్‌డీ అయి, ఎంబీఆర్ (డిస్క్ విభజనల పాత పద్ధతి) ఉందని మొరాయిస్తే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి, తెరుచుకున్న కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్ అనే టూల్ నడపండి. లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ నంబర్, క్లీన్ (డిస్క్‌ని తుడిచేస్తుంది), కన్వర్ట్ జీపీటీ (కొత్త పద్ధతికి మారుస్తుంది), ఇదీ వరుస. క్లీన్ కొట్టేముందు సైజు మరోసారి చూసుకోండి. ఆ జాబితాలో మీ పెన్‌డ్రైవ్ కూడా ఉంటుంది!

ఫైళ్లు ఎక్కాక మొదటి రీస్టార్ట్‌లో ఏదైనా కీ నొక్కమంటే నొక్కకండి, నొక్కితే ఇన్‌స్టలేషన్ మళ్లీ మొదటికొస్తుంది. ఆ తర్వాత వైఫై పనిచేయకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇవ్వడం) ఆన్ చేయండి.

కీ విషయానికొస్తే, విండోస్‌తోనే కొన్న ల్యాప్‌టాప్ అయితే అది మదర్‌బోర్డులోనే ఉంటుంది, ఎస్‌ఎస్‌డీతో పోదు. అడిగితే ‘కీ లేదు’ అని చెప్పి, పాత ఎడిషన్‌నే (హోమ్ అయితే హోమ్) ఎంచుకోండి. నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో రెండు స్లాట్లున్నాయి. పాత డ్రైవ్‌ని కదపకుండా కొత్తదాంట్లో విండోస్ వేసుకోవచ్చా?

సమాధానం: వేసుకోవచ్చు, కానీ ఇన్‌స్టాల్ అయ్యేవరకూ పాతదాన్ని తీసి పక్కన పెట్టండి. లేకపోతే పాత డ్రైవ్‌లో ఉన్న బూట్ పార్టిషన్‌నే విండోస్ వాడేసుకునే అవకాశం ఉంది. రేపు పాతది తీసేస్తే కొత్తది ఒంటరిగా బూట్ కాదు. ఇంకొకటి, పాతదాంట్లో బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే కొత్త విండోస్ దాన్ని తెరవడానికి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో చూసి, ఇప్పుడే కాగితం మీద రాసుకోండి.