పరిశోధన సందేహాలు: ఫారం నింపనివాళ్ల మాటేమిటి?

ప్రశ్న: ఎం.ఇడి చేస్తున్నాను. ఆన్‌లైన్ పాఠాలతో డిగ్రీ విద్యార్థులు పడే ఇబ్బందులు నా డిజర్టేషన్ అంశం. గూగుల్ ఫారం తయారుచేసి గుంటూరు, తెనాలి కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో పెడితే రెండు రోజుల్లో 412 జవాబులు వచ్చాయి. మా గైడ్ గారు మాత్రం "రెస్పాన్స్ రేటు ఎంత?" అని అడిగి వెనక్కి పంపేశారు. 412 చాలవా అండీ?
- బ్రాడీపేట, గుంటూరు

జవాబు: 412 తక్కువేమీ కాదు. అయితే అది ఎంతమందిలో 412? ఒక వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు. ఒకే విద్యార్థి మూడు గ్రూపుల్లో ఉండొచ్చు. లింకు అక్కణ్నుంచి ఎక్కడికి ఫార్వర్డ్ అయిందో ఎవరికీ తెలియదు. మీ దగ్గర లవం ఉంది, హారం లేదు. గైడ్ గారు అడిగింది ఆ హారాన్నే.

అసలు చిక్కు మీ అంశంలోనే ఉంది. ఆన్‌లైన్ పాఠాల ఇబ్బందుల గురించి ఆన్‌లైన్‌లోనే అడిగారు. నెల మధ్యలో డేటా అయిపోయినవాడు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పొలానికి వెళ్లిపోయే అమ్మాయి, సిగ్నల్ కోసం డాబా ఎక్కాల్సిన లంక గ్రామాల పిల్లలు మీ ఫారం తెరిచే అవకాశమే తక్కువ. అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేది వాళ్లే. "ఇబ్బంది లేదు" అన్నవాళ్ల శాతం ఎంత పెద్దగా వచ్చినా, అది ఫారం దాకా రాగలిగినవాళ్ల మాటే.

ఇంకా గడువుంటే ఇలా చేయండి. రెండు మూడు కాలేజీలు ఎంచుకుని, ప్రిన్సిపాల్ అనుమతితో విద్యార్థుల జాబితా తీసుకోండి. మొత్తం 600 మంది అనుకుందాం. 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూఇటూ తేడాతో చెప్పాలంటే సుమారు 235 జవాబులు కావాలి. నూటికి 60 మందే జవాబిస్తారనుకుంటే 235ను 0.6తో భాగించి 392 మందిని ఎంచుకోవాలి. షీట్‌లో ప్రతి పేరు పక్కన, ఏదో ఒక అంకెను లాటరీలా ఇచ్చే ర్యాండ్ ఫార్ములా వేసి, వచ్చిన అంకెలను కాపీ చేసి విలువలుగా మాత్రమే పేస్ట్ చేయండి. ఆ తర్వాతే అంకెల ప్రకారం వరుస మార్చి పైనుంచి 392 మందిని తీసుకోండి. విలువలుగా పేస్ట్ చేయకపోతే షీటు ముట్టుకున్నప్పుడల్లా అంకెలు మారిపోతాయి. ఎవరిని ఎలా ఎంచుకున్నారో రేపు మీరే చూపించలేరు.

ఒక్కొక్కరికీ ఒక కోడు ఇవ్వండి. కోడు సున్నాతో మొదలవకూడదు. 007 అని నింపితే షీటు దాన్ని 7గా మార్చేస్తుంది. ముందు ఒక అక్షరం పెట్టండి. "ఒకరికి ఒకే జవాబు" సెట్టింగును నమ్ముకోవద్దు. దానికి గూగుల్ లాగిన్ కావాలి. అన్నాచెల్లెళ్లు ఒకే ఫోను, ఒకే అకౌంటు వాడుతుంటే ఒకరి తర్వాత రెండోవారిని ఫారం రానివ్వదు. కోడు ఇచ్చాక "పేరు బయటపడదు" అని రాయొచ్చు గానీ "మీరెవరో మాకు తెలియదు" అని రాయకూడదు. కోడుల జాబితాను జవాబుల షీటుకు దూరంగా, వేరే ఫైలులో తాళం వేసి ఉంచండి.

మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు గుర్తుచేయండి. అప్పటికీ నింపనివాళ్లలో ఓ పాతికమందిని లాటరీ పద్ధతిలో తీసి, కాగితం ఫారంతో కాలేజీకి వెళ్లండి. వాళ్ల జవాబులను ముందు వచ్చినవాటి పక్కన పెట్టి చూడండి. డిజర్టేషన్ మొత్తంలో విలువైన పట్టిక అదే అవుతుంది.

గడువు లేకపోతే 412నే వాడుకోండి. కానీ "అందుబాటు నమూనా" (దొరికినవాళ్లనే అడిగినది, కన్వీనియన్స్ శాంపిల్) అని స్పష్టంగా రాయండి, 5 శాతం తేడా అన్న మాట ఎత్తకండి. అంతకుముందు డేటా శుభ్రం చేయాలి. ఒకే నిమిషంలో పడ్డ, ఇరవై ప్రశ్నలకూ ఒకే గడి నొక్కిన జవాబులను విడిగా తీసి చూడండి. ఎన్నింటిని ఏ కారణంతో తీసేశారో రాయండి. గూగుల్ ఫారం నమోదు చేసేది సబ్మిట్ నొక్కిన సమయాన్ని మాత్రమే. ఎంతసేపు ఆలోచించి నింపారన్నది అందులో దొరకదు.

ప్రశ్న: ప్రశ్నావళిని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చాను. 30 మందితో పైలట్ (ముందస్తు పరీక్ష) చేస్తే, ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా అని చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా 0.48 వచ్చింది. ఎక్కడ తప్పు?
- మంగళగిరి

జవాబు: ముందు వ్యతిరేక వాక్యాలు చూడండి. "ఆన్‌లైన్ క్లాసు నాకు విసుగు" లాంటివాటి మార్కులు తిరగేశారా? అయిదు మెట్ల కొలత అయితే ప్రతి మార్కునూ 6 నుంచి తీసేయాలి. 5 కాస్తా 1 అవుతుంది. ఇది మరిచిపోతే ఆల్ఫా ఒక్కసారిగా పడిపోతుంది. సాధారణంగా 0.70 దాటితే సరిపోయినట్టు లెక్క.

తిరగేసినా పెరగకపోతే తప్పు భాషలో వెతకాలి. "పాఠం వినడంలో నాకు ఏ ఇబ్బందీ లేదు" అనే వాక్యానికి "అంగీకరించను" అని జవాబు. లేదు, కాదు రెండూ కలిసేసరికి చదివేవాడు ఆగిపోతాడు, సగంమంది అటు, సగంమంది ఇటు నొక్కుతారు. "పాఠం వినడానికి ఇబ్బంది పడుతున్నాను" అని మార్చండి. మధ్య మెట్టుకు "తటస్థం" అని పెడితే చాలామందికి అర్థం కాదు. "ఎటూ చెప్పలేను" అంటే అర్థమవుతుంది గానీ విషయం తెలియనివాళ్లూ అక్కడే చేరతారు. "నాకు వర్తించదు" అని ఇంకో గడి విడిగా పెట్టండి, లెక్కలో కలపకండి. "తరచుగా", "అప్పుడప్పుడు" అన్న మాటలు ఎవరి కొలత వారిది. "గత వారంలో ఎన్ని రోజులు?" అని అంకె అడగండి.

తెలుగు ప్రతిని ఇంగ్లీషు మూలం చూడని మరొకరికి ఇచ్చి మళ్లీ ఇంగ్లీషులోకి మార్పించండి. రెండూ పోల్చితే జారిన మాటలు బయటపడతాయి. తర్వాత అయిదారుగురు విద్యార్థులను ఎదురుగా కూర్చోబెట్టి ప్రతి ప్రశ్నా బయటికి చదివించి "మీకేం అర్థమైంది?" అని అడగండి. ఒక పూట పని, దీన్ని మాత్రం మానకండి.

మరో మాట. జవాబులను సీఎస్‌వీగా దించి నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తులుగా కనబడొచ్చు. డేటా పాడైందని కంగారుపడి మళ్లీ సర్వే మొదలుపెట్టకండి. ఎక్సెల్ ఫైలుగానే దించుకోండి, లేదా యూటీఎఫ్-8 ఎంచుకుని ఇంపోర్ట్ చేయండి.

ప్రశ్న: మా ఇంజినీరింగ్ కాలేజీలో ఆన్‌లైన్ పాఠాలకు మూడిల్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. 140 మంది లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం నొక్కారన్న నమోదులు) దించాను. పాఠంతో గడిపిన సమయానికీ మార్కులకూ సంబంధం చూపొచ్చా? ఒకరికి ఏకధాటిగా ఆరు గంటలు వస్తోంది!
- బెంజ్ సర్కిల్, విజయవాడ

జవాబు: లాగ్‌లో ఉండేది క్లిక్కులే, చదువు కాదు. ఒక క్లిక్కుకూ తర్వాతి క్లిక్కుకూ మధ్య ఎడాన్ని మనం సమయంగా లెక్కిస్తున్నాం. మీ ఆరు గంటల విద్యార్థి పేజీ తెరిచి, పడుకుని, లేచి మళ్లీ నొక్కి ఉంటాడు. చాలామంది 30 నిమిషాల హద్దు పెట్టుకుంటారు. అంతకు మించిన ఎడం ఉంటే అక్కడ కూర్చోవడం ముగిసినట్టు. మీరు 10, 30, 60 నిమిషాలు మూడింటితోనూ లెక్కవేయండి. హద్దు మారగానే ఫలితం మారిపోతే అది హద్దు తెచ్చిన ఫలితమే.

యూట్యూబ్ వీడియోను మూడిల్ పేజీలో అతికించి ఉంటే, పేజీ తెరిచినట్టే పడుతుంది. వీడియో ఆడిందో లేదో మామూలు లాగ్‌కు తెలియదు. హాస్టల్లో ముగ్గురు ఒకే ఫోను చుట్టూ కూర్చుని చూసినా లాగ్‌లో ఒక్కరే. డేటాబేసు నుంచి నేరుగా తీసుకున్న సమయాలైతే గ్రీనిచ్ లెక్కలో ఉంటాయి, మన సమయానికి 5 గంటల 30 నిమిషాలు కలపడం మరవొద్దు. కలపకపోతే అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు చదివినవాడు ముందురోజు సాయంత్రం ఏడున్నరకు చదివినట్టు కనిపిస్తాడు.

సంబంధం కనబడ్డా, మంచి విద్యార్థులే ఎక్కువసేపు కూర్చుంటారేమో! అందుకే పాఠాలు మొదలవకముందే ఒక పరీక్ష పెట్టడం తప్పనిసరి. 1998లో అమెరికా భౌతికశాస్త్ర ఆచార్యుడు రిచర్డ్ హేక్ వాడిన లెక్క తేలిక: పెరిగిన మార్కులను, పెరగడానికి మిగిలి ఉన్న మార్కులతో భాగించాలి. తరగతి సగటు నూటికి 40 నుంచి 70కి వెళ్తే 30ని 60తో భాగిస్తే 0.5. 70 నుంచి 85కి వెళ్లిన తరగతికీ 15ని 30తో భాగిస్తే 0.5 వస్తుంది. 0.3 లోపు తక్కువ, 0.7 పైన ఎక్కువ. ఒక సెక్షన్‌కు ఆన్‌లైన్, మరో సెక్షన్‌కు క్లాసు అని పోల్చేవారు మాస్టారినీ, సిలబస్‌నూ, గంటలనూ ఒకటిగా ఉంచాలి. 1983లో అమెరికా విద్యా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ లేవనెత్తిన అభ్యంతరం ఇదే: సరుకులు తెచ్చే లారీని బట్టి తిండిలో బలం మారదు. పాఠం చెప్పే పద్ధతి మారితే, ఆ గొప్పను ఇంటర్నెట్‌కు కట్టబెట్టకూడదు.

ప్రశ్న: ఇంటర్ విద్యార్థులకు ఫారం పంపాలి. తల్లిదండ్రుల అనుమతి కావాలా?
- గుణదల, విజయవాడ

జవాబు: తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. తల్లి లేదా తండ్రి అనుమతి, ఆపైన ఆ విద్యార్థి ఒప్పుకోలు రెండూ ఉండాలి. మీ సంస్థలోని నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) ఆమోదం మొదటి జవాబు రాకముందే చేతిలో ఉండాలి. డేటా వచ్చాక తెచ్చుకునేది కాదది. ఆన్‌లైన్ క్లాసు స్క్రీన్‌షాట్లలో ముఖాలు, పేర్లు చెరిపేయండి. గ్రూపులో పిల్లలు రాసిన మాటలను అడగకుండా ఎత్తి రాయకండి.

ప్రశ్న: డబ్బు కట్టకుండా పరిశోధన వ్యాసాలు ఎక్కడ చదవాలి?
- లాలాపేట, గుంటూరు

జవాబు: మన దేశపు థీసిస్‌లకు శోధ్‌గంగ, విద్యారంగ వ్యాసాలకు అమెరికా ప్రభుత్వపు ఎరిక్, అన్నింటికీ గూగుల్ స్కాలర్. స్కాలర్‌లో వ్యాసం కింద ఉండే "అన్ని ప్రతులు" నొక్కితే చాలాసార్లు ఉచిత పీడీఎఫ్ దొరుకుతుంది. ఒక్క "ఆన్‌లైన్ లెర్నింగ్" అనే వెతికితే సగం జారిపోతాయి. ఈ-లెర్నింగ్, డిస్టెన్స్ ఎడ్యుకేషన్, బ్లెండెడ్ లెర్నింగ్ పదాలనూ ఇంగ్లీషులో కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. ఏ రోజు, ఎక్కడ, ఏ పదంతో వెతికితే ఎన్ని వచ్చాయో నోటు పుస్తకంలో ఎప్పటికప్పుడు రాసుకోండి. వైవాలో అడుగుతారు.