ముగ్గురు క్రేయూసాలు, ఒక్క కథ

అమ్మాయీ,

నీ కథ రాత్రి చదివాను, పొద్దున మళ్లీ చదివాను. మొదటి పేజీలో క్రేయూసా ఏథెన్స్ గుహలో బిడ్డను వదిలేస్తుంది, మూడో పేజీకొచ్చేసరికి కొరింథ్‌లో జేసన్‌తో పెళ్లి, చివర్లో ట్రాయ్ మంటల్లో మొగుడి వెనకాల పరుగు. ఒక్క మనిషికి ఇన్ని కష్టాలా అని నాకే టెన్షన్ వచ్చింది. గ్రీకు పురాణాల్లో ఆ పేరున్న వాళ్లు ముగ్గురు! అదే పేరుతో ఒక జలకన్య కూడా ఉంది, ఆవిడ జోలికి పోవద్దులే.

నువ్వు పొరపడ్డావంటే వింతేం లేదు. గ్రీకులో క్రేయోన్ అంటే ఏలేవాడు, క్రేయూసా అంటే ఏలే ఆవిడ, అంతే. మన కథల్లో 'రాజుగారి చిన్నకూతురు' అన్నట్టే. కొరింథ్ పిల్లకైతే క్రీ.పూ. 431 నాటి 'మెడియా' నాటకంలో యూరిపిడీస్ ఆ పేరు కూడా పెట్టలేదు. కానీ అద్దం ఇచ్చాడు. జేసన్ వదిలేసిన భార్య మెడియా పంపిన విషపు వస్త్రం కట్టుకుని, బంగారు కిరీటం పెట్టుకుని, జుట్టు సర్దుకుంటూ అద్దంలో తనను చూసి తనే నవ్వుకుంటుంది, లేచి గదంతా తిరుగుతూ వెనక్కి మడమ వైపు చూసుకుంటుంది, ఆ తర్వాతే మంట. నీ కథలో అద్దం ఏది?

ఏథెన్స్ ఆవిడది బుట్ట. అపోలో బలవంతం చేస్తే పుట్టిన బిడ్డతో పాటు, తను చిన్నప్పుడు నేసిన గుడ్డ అందులో పెట్టింది. మధ్యలో పాముల జుట్టున్న రాక్షసి గోర్గాన్, అంచున పాములు, పని నేర్చుకునే పిల్ల నేసినట్టు సగంలో ఆగిన నేత. ఏళ్ల తర్వాత బుట్టలోకి చూడకుండానే ఆ గుడ్డ ఎలా ఉంటుందో చెప్పింది కాబట్టే ఆ బిడ్డ ఆయాన్ అమ్మని నమ్మాడు. కుంతితో పోలిక తీసెయ్, ఆ సగం నేత గురించి రాయి.

ట్రాయ్ ఆవిడ దగ్గరే నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఆవిడ మొగుడు ఈనియస్ తన తండ్రిని భుజాల మీదకెత్తుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని, భార్యను మాత్రం దూరంగా వెనక రమ్మంటాడు. గుడి చేరేదాకా తిరిగి చూడడు. వెతుక్కుంటూ వెళ్తే కనిపించింది ఆవిడ నీడే, మూడుసార్లు కౌగిలించుకోబోతే మూడుసార్లూ చేతుల్లోంచి జారిపోయింది. ఇదంతా చెప్పిన రోమన్ కవి వర్జిల్ కంటే పాత కావ్యాల్లో ఈ భార్య పేరు యూరిడిసీ, చనిపోయిన భార్యను పాతాళం నుంచి తెస్తూ ఆర్ఫియస్ పోగొట్టుకున్న ఆవిడ పేరే. అతను వెనక్కి చూసి పోగొట్టుకున్నాడు, ఇతను చూడక.

మూడూ విడగొట్టి రాయి, ఎవరికీ పేరు పెట్టకు, నేను పోల్చుకుంటానో లేదో చూద్దాం. ట్రాయ్‌ది ముందు పంపు. దూరంగా రమ్మన్నప్పుడు ఆవిడ చేతుల్లో ఏముందో వర్జిల్ చెప్పలేదు.