అదంతా వయసు కాదమ్మా

ప్రశ్న: మాది ఖమ్మం. వచ్చే నెలలో నాకు యాభై నిండుతాయి. ఆయన బ్యాంకులో చేస్తారు. అమ్మాయికి పెళ్ళయి పూణెలో ఉంటోంది. అబ్బాయి మొన్న జూన్‌లో ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళాడు. అత్తయ్యకు ఎనభై ఒకటి, తుంటి ఎముక విరిగి రెండేళ్ళుగా మంచం మీదే. ఆరేడు నెలలుగా నాకు నెలసరి ఇష్టమొచ్చినట్టు వస్తోంది. వస్తే పది పన్నెండు రోజులు ఆగదు. రాత్రిళ్ళు ఒళ్ళంతా చెమటలు, నిద్ర లేదు. మేడ మెట్లెక్కితే ఆయాసం. ఊరికే కోపం, ఊరికే ఏడుపు. ఆయన్ని అడిగితే ‘యాభై వస్తున్నాయిగా, మామూలే’ అంటారు. మా తోడికోడలు, పక్కింటావిడ ‘గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది’ అంటున్నారు. తోడికోడలికి ముప్ఫై ఎనిమిదేళ్ళకే తీసేశారు. మొన్న అమ్మాయి ఫోన్ చేసి, ‘యాభయ్యో పుట్టినరోజు గ్రాండ్‌గా చేద్దాం, నీకేం కావాలో చెప్పమ్మా’ అంది. ఏం చెప్పాలో తోచలేదు. ఫోన్ పెట్టేసి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. డిగ్రీ రెండో ఏడులో ఉండగా పెళ్ళి చేశారు. ఇన్నేళ్ళూ నేనేం చేశానో తెలియడం లేదు. నాకేమైనా పిచ్చి పడుతోందా?

జవాబు: మీకు పిచ్చి పట్టడం లేదమ్మా. ఆ భయం ముందు తీసి పక్కన పెట్టండి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రక్తం ఎక్కువగా పోవడం, నిద్ర లేకపోవడం, అబ్బాయి వెళ్ళిపోవడం, అత్తయ్య సేవ, ఆగిపోయిన చదువు, వీటన్నిటికీ కలిపి మీ ఇంట్లో ‘యాభై’ అని ఒకటే పేరు పెట్టారు. మీరూ ఒప్పేసుకున్నారు. ఇందులో వయసు వల్ల వచ్చింది కొంతే. మిగిలింది వైద్యం చేయిస్తే తగ్గేది, లేదా ఇంట్లో వాళ్ళు పంచుకుంటే తేలికయ్యేది. వయసే అని సరిపెట్టుకుంటే రెండూ జరగవు.

మొదట రక్తం సంగతి. ఆరు నెలలుగా, వచ్చినప్పుడల్లా పది పన్నెండు రోజులు పోతుంటే మెట్లెక్కినప్పుడు ఆయాసం రాకుండా ఉంటుందా? ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. ఏడూ ఎనిమిదీ ఉన్నవాళ్ళు కూడా ఇంటెడు చాకిరీ చేస్తూ, ‘కాస్త నీరసంగా ఉందండీ’ అంటూ నా దగ్గరికి వచ్చారు. ఒంట్లో రక్తం లేకపోతే నీరసం ఒక్కటే రాదు, చిరాకు వస్తుంది, గుండె దడ వస్తుంది, ఏ పని మీదా మనసు నిలవదు. మీరు మీ స్వభావం మారిపోయిందనుకుంటున్నారు. అందులో సగం రక్తం తక్కువవడమే అయి ఉండొచ్చు.

అందుకని పుట్టినరోజు అయ్యాక చూద్దామని ఆగకండి. ఈ వారమే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. రక్తపరీక్ష, థైరాయిడ్, షుగర్, బీపీ, పొత్తికడుపు స్కానింగ్ చేయిస్తారు. నలభై అయిదు దాటాక ఇలా ఎక్కువగా పోతుంటే గర్భసంచి లోపలి పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదామని కూడా డాక్టరు అనవచ్చు. భయపడి వద్దనకండి. అది క్యాన్సర్ లేదని నిర్ధారించుకోవడానికే. వెళ్ళేటప్పుడు గత ఆరు నెలల్లో ఏ తేదీన వచ్చింది, ఎన్ని రోజులుంది, రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చారు, ఒక కాగితం మీద రాసుకు వెళ్ళండి. అక్కడికి వెళ్ళాక మొహమాటంతో మనం సగం మింగేస్తాం.

చెమటలు, నిద్ర లేకపోవడం మాత్రం నిజంగా ఈ వయసువే కావచ్చు. మన దేశంలో ఆడవాళ్ళకు సగటున నలభై ఆరు, నలభై ఏడేళ్ళకు నెలసరి ఆగిపోతుంది. మీకు ఇంకా వస్తోందంటే వింతేమీ కాదు, కొందరికి యాభై దాటాక ఆగుతుంది. ఆగడానికి ముందు కొన్నేళ్ళు ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒకసారి పెరిగి, ఒకసారి పడిపోతూ ఉంటుంది. ఉన్నట్టుండి ఛాతీలోంచి మొహంలోకి సెగ కొట్టడం, తెల్లవారుజామున మెలకువ రావడం, మాటకు ముందే కన్నీళ్ళు రావడం, ఇవన్నీ దానివల్లే. పన్నెండు నెలలు పూర్తిగా రాకపోతే మెనోపాజ్ అయినట్టు. ఆ తర్వాత ఒక్క మచ్చ కనిపించినా డాక్టరుకు చూపించాలి. ఈ చివరి మాట మీ చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ చెప్పండి.

నలభై ఏళ్ళకు కంటిచూపు తగ్గితే మన పెద్దవాళ్ళు దానికి చత్వారం అని పేరే పెట్టారు. కళ్ళజోడు పెట్టుకుంటే ఎవరూ సిగ్గుపడరు. ఆడవాళ్ళ ఒంట్లో ఇంత పెద్ద మార్పు వస్తే మాత్రం ‘ముట్లుడిగాయట’ అని గొంతు తగ్గించి చెప్పుకుంటాం. ఇంట్లో మగపిల్లల ముందు అసలు ఎత్తం. ఇలా దాచుకోవడం వల్ల ఎంతమంది ఎంత బాధ పడ్డారో చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇక గర్భసంచి. ఈ విషయంలో నాకు నిజంగా ఆవేదన ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశంలో అందరికంటే ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో, ఆ తర్వాత తెలంగాణలో. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ మధ్య వయసువాళ్ళలో దేశమంతా కలిపితే నూటికి ముగ్గురు. ఆంధ్రలో నూటికి దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. మన ఆడవాళ్ళకే ప్రత్యేకంగా జబ్బులు ఎక్కువున్నాయా? ‘పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది’ అనే మాట మన దగ్గర చాలా తేలిగ్గా అనేస్తారు.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే నెమ్మదిగా రావాల్సిన మార్పు ఒక్కరోజులో మీద పడుతుంది. ఎముకలు తొందరగా గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా మెనోపాజ్ ముందుగా రావచ్చు. ఆపరేషన్ తప్పనిసరయ్యే సందర్భాలు ఉన్నాయి, కాదనను. క్యాన్సర్ ఉంటే, గడ్డలు పెద్దవైతే, మందులు పనిచేయకపోతే చేయించుకోవాల్సిందే. కానీ అది మొదటి మెట్టు కాదు. రక్తస్రావం తగ్గించే మాత్రలున్నాయి. లోపల అమరిస్తే కొన్నేళ్ళపాటు పనిచేసే, లూప్ లాంటి హార్మోన్ పరికరం ఉంది. ఎవరైనా ఆపరేషన్ అంటే ‘ఎందుకు, మందులతో ఎందుకు కుదరదు, అండాశయాలు ఉంచుతారా’ అని మూడు ప్రశ్నలు అడగండి. రిపోర్టులు తీసుకుని ఇంకో డాక్టరుకు చూపించండి.

మీ తోడికోడలి మీద కోపం పెట్టుకోకండి. తనకు జరిగిందే మీకు చెబుతోంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ పిల్లకు ఆ రోజు ఈ మూడు ప్రశ్నలు చెప్పినవాళ్ళు లేరు. నడుము నొప్పులున్నాయేమో అడగండి. మీరు వెళ్ళేటప్పుడు ఆమెనూ తీసుకెళ్ళి ఎముకల బలం, బీపీ చూపించండి.

నా సంగతి ఒకటి చెబుతాను. నలభై ఏడేళ్ళప్పుడు నేను పేర్లు మరిచిపోయేదాన్ని, పొద్దున లేస్తే ఒళ్ళు ఈడ్చుకుపోయేది. ఒక డాక్టరు ఏ పరీక్షా చేయకుండా ‘వయసమ్మా’ అన్నారు. నమ్మాను. ఏడాది తర్వాత వేరేచోట చూపించుకుంటే థైరాయిడ్ అని తేలింది. చిన్న మాత్రతో సర్దుకుంది. ఆ ఏడాది ఇంట్లో వాళ్ళ మీద నేను అరిచిన అరుపులు ఇప్పటికీ నన్ను బాధపెడతాయి.

ఇప్పుడు మీవారు. ‘మామూలే’ అన్న మాట మిమ్మల్ని పొడిచింది. కానీ ఆయనకు తెలిసి అన్నారని నాకు అనిపించడం లేదు. మగవాళ్ళకు ఈ విషయం చెప్పినవాళ్ళు ఎవరున్నారు? పైగా కొడుకు వెళ్ళిపోయిన ఇల్లు ఆయనకూ కొత్తే. కోపంలో ఉన్నప్పుడు కాకుండా, ఆదివారం పొద్దున కాఫీ అయ్యాక కూర్చోబెట్టి సూటిగా చెప్పండి. ‘నాకు రక్తం ఎక్కువగా పోతోందండీ. భయంగా ఉంది. బుధవారం మీరు సెలవు పెట్టి నాతో రావాలి’ అనండి. ‘నన్నెవరూ పట్టించుకోరు’ అంటే వాదన మొదలవుతుంది. బుధవారం అంటే ఆయనకు చేయడానికి ఒక పని దొరుకుతుంది. డాక్టరు చెప్పేది ఆయన చెవులతో ఆయన వినాలి.

అత్తయ్య విషయం కూడా ఆ రోజే మాట్లాడండి. మంచం మీద మనిషిని పక్కకు తిప్పడం, లేపి కూర్చోబెట్టడం ఒక్క మనిషి చేసే పని కాదు, అందులోనూ మీ ఎముకలు అరిగే వయసులో. రోజుకు నాలుగు గంటలకైనా ఒక ఆయాను పెట్టుకోండి. బ్యాంకు ఉద్యోగం ఉన్న ఇంట్లో అది మోయలేని ఖర్చు కాదు. వారానికి రెండు రాత్రులు ఆవిడ గదిలో ఆయన పడుకోవాలి. ఆవిడ ఆయనకు తల్లి. ఈ మాట అడగడం మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా అడగండి.

‘ఇన్నేళ్ళూ నేనేం చేశాను’ అన్నారు. పిల్లల్ని పెంచారు కదా, ఇల్లు నిలబెట్టారు కదా అని నేను అనను. ఆ సంగతి మీకు తెలుసు. అది సరిపోకే కదా ఉత్తరం రాశారు. డిగ్రీ రెండో ఏడులో ఆగిపోయిన ఆ అమ్మాయి కోసం మీరు ఎప్పుడూ ఏడవలేదు, మొన్న వంటింట్లో ఏడ్చారు. అది జబ్బు కాదు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 నుంచి ఉన్నదే మీలాంటివాళ్ళ కోసం. అక్కడ యాభై ఏళ్ళు ఎక్కువ వయసు కాదు. మళ్ళీ మొదటి ఏడు నుంచి చదవాల్సి రావచ్చు, చదవండి. చదువు వద్దనిపిస్తే ఇంకోటి. అయితే ఇవేవీ ఇప్పుడు తేల్చుకోవద్దు. నిద్ర లేని, రక్తం లేని ఒళ్ళు దేన్ని చూసినా ‘నావల్ల కాదు’ అంటుంది. మూడు నెలలు మందులు వాడాక మళ్ళీ ఇదే ప్రశ్న వేసుకోండి.

ఈలోగా రెండు వారాలు దాటినా రోజంతా దిగులుగానే ఉంటే, ఏదీ తినబుద్ధి కాకపోతే, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కి ఫోన్ చేయండి. మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, టెలీ మానస్ అది. రాత్రీపగలూ తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

చివరగా, అమ్మాయి అడిగిన ప్రశ్న. ఆ రోజు మీకు జవాబు తోచకపోవడంలో తప్పేమీ లేదు, ఎవరూ అడగని ప్రశ్న అది. ఇప్పుడు ఫోన్ చేసి చెప్పండి. పట్టుచీర వద్దు, హాలు వద్దు, పది రోజులు సెలవు పెట్టి వచ్చి నానమ్మ దగ్గర ఉండమనండి. అబ్బాయినీ రమ్మనండి. ఆ పది రోజులూ వాళ్ళిద్దరూ నానమ్మను చూసుకుంటారు, మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళండి, తలుపు వేసుకుని మధ్యాహ్నాలు నిద్రపోండి. రిపోర్టులు వచ్చాక నాకు మళ్ళీ రాయండి. హిమోగ్లోబిన్ ఎంత ఉందో మరిచిపోకుండా రాయండి.