లేవీయకాండం దగ్గర ఆగిపోయిన మీకు

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. బాప్తిస్మం తీసుకుని రెండేళ్లయింది, కడపలో ఉద్యోగం. మొదట్లో ఉన్న ఉత్సాహం ఇప్పుడు లేదు. మోకరిస్తే ఐదు నిమిషాల్లో మాటలు అయిపోతున్నాయి. జనవరి ఒకటిన మొదలుపెట్టిన ‘ఏడాదిలో బైబిలు’ పట్టిక, బైబిలు మూడో పుస్తకమైన లేవీయకాండం పదమూడో అధ్యాయంలో, కుష్ఠు మచ్చల దగ్గర ఆగిపోయింది. తెల్లవారుజామున లేవలేకపోతున్నారు. ఇలాగైతే విశ్వాసంలో ఎదిగేది ఎలా అన్నారు.

నేను పాస్టర్ని కాను, ఆర్టీసీ కండక్టర్ని. మాది అనంతపురం జిల్లా, గుత్తి దగ్గర ఒక పల్లె. ఇరవై ఏళ్లకు పైబడిన సర్వీసులో చాలా రాత్రులు నైట్ హాల్ట్ బస్సుల్లో, ఏదో ఒక ఊరి రచ్చకట్ట పక్కన గడిచాయి. నా బైబిలు చదువు ఎక్కువగా అక్కడే సాగింది కాబట్టి ఆ అనుభవమే చెబుతాను.

ముందు మీ పట్టిక సంగతి. బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడుకు పైగానే చదవాలి. ఆదికాండం 50, నిర్గమకాండం 40 పోతే, జనవరి నెలాఖరుకు లేవీయకాండంలో అడుగుపెడతాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పుట్టిన వేడి సరిగ్గా అప్పటికి చల్లారుతుంది. ఎదురుగా బలులు, మచ్చలు, బట్టల మీద పొడలు! నేను మూడు వేర్వేరు సంవత్సరాల్లో అక్కడే ఆగాను. మా సంఘంలో అడిగితే సగం మంది అక్కడివాళ్లే. ఇందులో మీ భక్తికి వచ్చిన లోటేమీ లేదు. రోజుకు ఇన్ని అధ్యాయాలు దాటాలన్న తొందరే మనల్ని అక్కడ పడేస్తుంది.

ఆ తొందర తప్పని నాకు మొదట తెలియజెప్పింది మా జేజి, అంటే నాయనమ్మ. ఆమెకు యాభై దాటేవరకు అక్షరం రాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు మాత్రం ఎన్నో కంఠతా వచ్చు. రాత్రి బడిలో కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాక పెద్దక్షరాల బైబిలు కొనిపించుకుంది. అక్షరం కింద వేలు పెట్టి, ఒక్కో అధ్యాయానికి అరగంట పట్టించేది. కళ్లు నొప్పి పుట్టిన రోజు నన్ను చదవమనేది. నేను పదో తరగతి, మహా వేగం. ఒకరోజు రూతు గ్రంథం, అదే కోసిన చేలో పరిగె, అంటే మిగిలిన కంకులు, ఏరుకుని బతికిన విధవరాలి కథ, నాలుగు అధ్యాయాలూ పావుగంటలో చదివి పడేసి లేవబోయాను.

“పొద్దుగూకే దాకా ఏరితే ఎంత వచ్చిందన్నావు?” అంది జేజి.

వెనక్కి తిప్పి వెతికి చదివాను. ‘దాదాపు తూమెడు యవలాయెను.’ యవలంటే బార్లీ గింజలు.

“తూమెడా? పరిగెలో తూమెడు రాదు.”

ఆమెకు ఆ లెక్క తెలుసు. వేరుశనగ పీకేసిన చేలో తొలిక పట్టుకుని, భూమిలో తెగిపోయి మిగిలిన కాయల కోసం ఎండలో ఒంగి తవ్వుకున్న మనిషి. రోజంతా తవ్వితే ఒడి నిండటమే గొప్ప. “ఎవరో కావాలని వదిలారు, చూడు” అంది. చూస్తే సరిగ్గా అంతకు ముందు వాక్యంలోనే ఉంది. ఆమె ఏరుకునేటట్టు పిడికెళ్లు పడవేసి విడిచిపెట్టండి, గద్దించకండి అని ఆ పొలం యజమాని బోయజు పనివాళ్లకు చెబుతాడు. రెండు నిమిషాల ముందు నేనే ఆ మాట పైకి చదివాను, కానీ వినలేదు. జేజి గింజల కొలతను బట్టి పట్టుకుంది.

చాలా ఏళ్ల తర్వాత ఒక నైట్ హాల్ట్‌లో, బస్సులో లైటు వేసుకుని, నాలుగోసారి లేవీయకాండం పట్టాను. ఈసారి పట్టిక లేదు, రోజుకు ఒకటే అధ్యాయం. పందొమ్మిదో అధ్యాయం తొమ్మిది, పది వచనాలకు వచ్చేసరికి ఆగిపోయాను. పొలం ఓరలు పూర్తిగా కోయవద్దు, పరిగె ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలి. రూతు మోయాబు దేశస్థురాలు, పరదేశి. మెతుకు లేని విధవరాలు ఆ పొలంలోకి ధైర్యంగా వెళ్లగలిగిందంటే ఈ ఆజ్ఞ ఉండబట్టే. ఆమె మునిమనవడు దావీదు. మత్తయి మొదటి అధ్యాయంలో యేసు వంశావళి చూడండి, ఆమె పేరు కనిపిస్తుంది. ఏ పుస్తకాన్ని గడ్డి అనుకుని వదిలేశానో అందులోంచే ఆమెకు అన్నం పుట్టింది. ఆ రాత్రి ఇది చెప్పుకోవడానికి మనిషి లేక, నిద్రపోతున్న డ్రైవరన్నను లేపాను. ఆయన హిందువు, మంచివాడు కాబట్టి తిట్టకుండా విన్నాడు.

అందుకని ఇప్పటికి పట్టిక పక్కన పెట్టండి. మార్కు సువార్త పదహారు అధ్యాయాలే, దాంతో మొదలుపెట్టండి. తర్వాత రూతు, ఫిలిప్పీయులకు రాసిన పత్రిక. రెండూ నాలుగేసి అధ్యాయాలే. రోజుకు ఒక అధ్యాయం, కుదరకపోతే సగం. చదివాక పుస్తకం మూసి, ఇందులో ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరి చేతిలో ఏముంది, ఎవరు ఏం అడిగారు అని ఒకసారి మనసులో చెప్పుకోండి. నాకు పనికొచ్చే వాక్యం ఏది అని మొదటి నిమిషంలోనే వెతకవద్దు.

ఒక్కరే చదవడం కూడా చాలదు. మంగళవారం సాయంత్రాలు డ్యూటీ లేకపోతే ఐదారుగురం ఒక బేల్దారి (తాపీపని) పెద్దాయన ఇంట్లో కూర్చుంటాం. మార్కు రెండో అధ్యాయం చదువుతున్నాం. పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, జనం అడ్డం ఉంటే పైకెక్కి ఇంటి కప్పు విప్పి దించుతారు కదా. ఆ స్నేహితుల విశ్వాసం గురించి నేను ప్రసంగం ధోరణిలో మొదలుపెట్టబోయాను. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. “మట్టి మిద్దె ఎప్పుడైనా తవ్వావా?” దూలాల మీద కట్టెలు, వాటి మీద బోద గడ్డి, ఆపైన మూరెడు మట్టి, వానలకు ముందు ఏటేటా చవుడు మన్ను. ఆయన జీవితమంతా అవి వేసినవాడు. “తవ్వుతుంటే లోపల కూర్చున్న వాళ్ల నెత్తిన తట్టలకొద్దీ మన్ను పడుతుంది. యేసుప్రభువు గడ్డంలో కూడా పడి ఉంటుంది. ఆయన ఒక్క మాట అనలేదు. సరే, ఆ ఇంటాయనకు మళ్లీ మిద్దె ఎవరు వేశారు?” జవాబు మా ఎవరి దగ్గరా లేదు. కానీ ఆ వారమంతా నా కళ్ల ముందు ఆ మన్ను రాలుతూనే ఉంది. ప్రసంగాల్లో ఆ అధ్యాయం ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, మన్ను ఎప్పుడూ పడలేదు. మీ ఇంటి చుట్టుపక్కల ఇలాంటి గృహకూటం ఏదైనా ఉంటే వెళ్లండి. ఒక్కరే మాట్లాడి తక్కినవాళ్లు తలలూపే కూటమైతే మరొకటి చూసుకోండి.

ఇక ప్రార్థన. ఒక కూటంలో బోధకుడొకాయన, రోజుకు గంట ప్రార్థించనివాడు విశ్వాసే కాడు అన్నాడు. నాకు గుండె జారింది. మూడు నెలలు గంట పట్టు పట్టాను. ఎక్కువసేపు చేసింది గడియారం చూడటమే. చెప్పిందే చెప్పి, “ప్రభువా, ప్రభువా” అని ఖాళీలు పూరించి, గంట కాగానే పరీక్ష రాసినవాడిలా లేచేవాణ్ణి. నాలుగో నెల అదీ పోయింది, ఐదు నిమిషాలూ పోయింది. కాబట్టి మీ ఐదు నిమిషాలను తక్కువ చేసుకోకండి.

మళ్లీ మొదలైంది టికెట్ మిషను వల్ల. కాగితం రోలు చివరికి వచ్చేసరికి అంచున గులాబీ చార కనబడుతుంది. ఆ జానెడు ముక్క టికెట్లకు పనికిరాదు. ఒకరోజు దాని వెనక ఒక పేరు రాశాను. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు అనంతపురం వచ్చే మనిషి, ఎప్పుడూ ముందు సీటు. రాత్రి ఆ ముక్క తీసి ఆయన కోసం ప్రార్థించాను. మరునాడు ఆయన ఎక్కగానే, అడగకుండా ఉండలేక, ఎలా ఉంది అని అడిగాను. అప్పటినుంచి రోజూ నాలుగు పేర్లు. పేరు తెలియకపోతే దిగిన స్టేజీ పేరు రాసుకుంటాను, దేవునికి తెలుసు కదా. నాలుగు పేర్లకు పది నిమిషాలు ఎటుపోతాయో తెలియదు. నా కోరికల జాబితా మాత్రం ఇప్పటికీ ఐదు నిమిషాల్లోనే అయిపోతుంది.

మాటలే రాని రోజులూ ఉంటాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలులోకి వచ్చాయి. మా అక్క ఇల్లు అందులో మునిగింది. మనుషులు బయటపడ్డారు, అంతే. నీళ్లు తీశాక వెళ్లాను. ఇంట్లో మోకాలి లోతు బురద, పగిలి ఉబ్బిన బియ్యం మూటలు, ఆ వాసన. బావ గడప దగ్గర నిలబడి “ప్రార్థన చెయ్యి బామ్మర్దీ” అన్నాడు. నోరు తెరిచాను, ఒక్క మాట రాలేదు. జేబులో కీర్తనలతో కలిపి అచ్చువేసిన చిన్న కొత్త నిబంధన ఉంది. అలవాటు చొప్పున ఇరవై మూడో కీర్తన తీశాను. ‘పచ్చికగల చోట్ల’ దగ్గరికి వచ్చి ఆ బురదలో నిలబడి చదవలేకపోయాను. పేజీలు తిప్పుతూ పోతే అరవై తొమ్మిదో కీర్తన తగిలింది. జలములు నా ప్రాణముమీద పొర్లుచున్నవి అని మొదలవుతుంది, ఆ వెంటనే నిలుక ఇవ్వని దొంగ ఊబి. అదే గట్టిగా చదివాను. మూడు రోజులుగా కళ్లు తడవని మా అక్క మెట్ల మీద కూలబడి ఏడ్చింది. ఆ పూటకు మా ప్రార్థన అదే. ఆమేన్ ఎవరన్నారో కూడా గుర్తులేదు.

కీర్తనలు 150 ఉన్నాయి. వాటిలో మొరలు, ఫిర్యాదులు ఎన్ని ఉన్నాయో చూస్తే ఆశ్చర్యపోతారు. ఎనభై ఎనిమిదోదైతే చీకటి మాటతోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు లేదు. దాన్ని కూడా బైబిల్లో ఉంచారు. మీ మాటలు అయిపోయిన చోట ఒక కీర్తన తీసి, ‘నేను’ అన్న చోటల్లా మీరే అనుకుని నెమ్మదిగా చదవండి. అది కూడా ప్రార్థనే. ఉత్సాహం లేదని దేవునితోనే చెప్పండి. ఉత్సాహం ఉన్నట్టు నటిస్తూ చేసిన నా మూడు నెలల కంటే అది మేలు.

తెల్లవారుజాము గురించి. మార్కు మొదటి అధ్యాయంలో యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థనకు వెళ్లాడు, నిజమే. అదే మార్కు ఆరో అధ్యాయంలో జనసమూహాన్ని పంపేసి, పొద్దుపోయే వేళ కొండమీదికి ప్రార్థనకు వెళ్లాడు. నాలుగున్నరకు మొదటి బస్సు తీయాల్సినవాడికి ఈ రెండో వాక్యం ఎంత హాయో మీకు తెలియదు. మీ ఒంట్లో ఓపిక ఏ వేళ ఉంటుందో ఆ వేళ పెట్టుకోండి. రోజూ అదే వేళ అయితే మంచిది, ఒకరోజు తప్పితే రెట్టింపు చేసి బాకీ తీర్చనక్కరలేదు.

కొత్త సంవత్సరం ఆరాధనలో ఇచ్చే, ఒక్క వాక్యం అచ్చువేసిన వాగ్దానపు కార్డుల మీద నాకు కోపమేమీ లేదు. బదిలీ కోసం చూస్తున్న ఏడాది నాకు యెషయా 60:22 వచ్చింది, తగిన కాలమున త్వరపెట్టుదును అని. టికెట్ల సంచిలో అతికించుకున్నాను. తర్వాత అధ్యాయమంతా చదివితే అది సీయోనుకు, మళ్లీ వెలుగు చూడబోయే యెరూషలేముకు చెప్పిన మాట. బదిలీ మూడేళ్లకు వచ్చింది. కార్డు ఇంకా ఉంది, కానీ ఇప్పుడు కార్డు వస్తే ముందు అధ్యాయం తీస్తాను.

ఇంకొకటి. మన బైబిలు తెలుగు పాతది. ‘అంగలార్చుట’ అంటే గట్టిగా ఏడవడమని తెలియక నేను ఎంతకాలం దాటేశానో! మీరు కడపలోనే ఉన్నారు. 1820లో ఉద్యోగం మీద ఆ ఊరికి వచ్చి తెలుగు పట్టుకున్న సి.పి. బ్రౌన్ పేరిట అక్కడ గ్రంథాలయమే ఉంది. బైబిలును తెలుగు చేయడానికి కూడా ఆయన పాటుపడ్డాడు. ఆయన 1852లో అచ్చువేయించిన నిఘంటువు ఇప్పటికీ దొరుకుతుంది. అర్థం కాని మాటను దాటేయకుండా నోటుబుక్కులో రాసుకుని, ఆదివారం మధ్యాహ్నం వెతకండి.

మార్కు, రూతు అయ్యాక మళ్లీ లేవీయకాండం తీయండి. మీరు ఆగిన పదమూడో అధ్యాయం పొడవు యాభై తొమ్మిది వచనాలు, దాన్ని రెండు రోజులు చేసుకోండి. అక్కడినుంచి పందొమ్మిదికి ఆరు అధ్యాయాలే.