పెద్ద ఎంసీబీ పెట్టిస్తే ట్రిప్ ఆగుతుంది, వైరు కాలుతుంది

ఇంటి కరెంటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఇంటి డిస్ట్రిబ్యూషన్ బోర్డు, అంటే అందరూ డీబీ అని పిలిచే పెట్టె గురించే ఉన్నాయి. కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడిపోయి (ట్రిప్ అయి) లైను తెంచే ఎంసీబీ స్విచ్‌లు ఉండేది ఆ పెట్టెలోనే. ఒకే విషయం అడిగిన వాటిని కలిపి, ఐదు ప్రశ్నలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా పడకగదిలో ఒకటిన్నర టన్నుల ఏసీకి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో పాయింటు ఉంది. ఏప్రిల్ నుంచి ఏసీ వేసిన గంటకో గంటన్నరకో 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోతుండేది. ఎలక్ట్రీషియన్ దాన్ని తీసేసి 32 ఆంపియర్లది బిగించారు. ఇప్పుడు పడిపోవడం లేదు కానీ, ప్లగ్గు దగ్గర కాలిన వాసన వస్తోంది. ఆయన చేసింది సరైనదేనా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: సరైనది కాదు. ఇంకా ఆ ఏసీని వాడుతూ ఉంటే ముందు వెళ్ళి ఆ ఎంసీబీని ఆఫ్ చేసి, ఆ తరువాత మిగతా జవాబు చదవండి.

ఎంసీబీ ఉన్నది ఏసీని కాపాడడానికి అని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది గోడలో ఉన్న వైరును. గోడలోని పైపు గుండా పోయే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సురక్షితంగా మోయగలిగేది సుమారు 20 ఆంపియర్లు. ఎండాకాలంలో, ఒకే పైపులో నాలుగైదు వైర్లు ఇరుక్కుని ఉన్నప్పుడు అది కూడా తగ్గుతుంది. అలాగని ఎంసీబీ తన మీద రాసిన అంకెను దాటిన క్షణంలో పడిపోదు. ప్రమాణాల ప్రకారం ఆ అంకెకు 1.13 రెట్ల కరెంటును అది గంటసేపు మోయాలి, 1.45 రెట్లు అయితే గంటలోపు పడిపోవాలి. ఈ లెక్కన మీ 32 ఆంపియర్ల ఎంసీబీ 36 ఆంపియర్ల వరకు కదలదు, 46 ఆంపియర్లు పారుతున్నా గంట దగ్గర దాకా ఊరుకోవచ్చు. సాధారణ పీవీసీ వైరు పైతొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకునేలా తయారవుతుంది కాబట్టి, ఆ గంటలో అది మెత్తబడి, మాడి, రెండు వైర్లు లోపలే ఒకదానికొకటి తగిలే ప్రమాదం ఉంది.

అసలు ప్రశ్న పాత 16 ఆంపియర్లది ఎందుకు పడిపోయిందన్నది. ఒకటిన్నర టన్నుల ఏసీ మామూలుగా 7 లేదా 8 ఆంపియర్లే తీసుకుంటుంది. ఒక్క ఏసీకే 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోకూడదు. ఇక్కడ పడిపోవడానికి పట్టిన సమయమే మనకు ఆధారం. ఏసీ వేసిన మరుక్షణం పడిపోతే, షార్ట్ ఉందనో, కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు లాగే కరెంటును ఎంసీబీ తట్టుకోలేకపోతోందనో అర్థం. ఎంసీబీ ముఖాన అంకెకు ముందు ఉండే అక్షరం ఇందుకే: బి రకం మూడు నుంచి ఐదు రెట్ల కరెంటుకు, సి రకం ఐదు నుంచి పది రెట్లకు తక్షణం పడిపోతుంది. అందుకని లైట్లకు బి, ఏసీలకూ మోటార్లకూ సి వాడతారు. మీది మాత్రం గంట తరువాత పడిపోయింది కాబట్టి కారణం వేడి. ఆ వేడికి సాధారణంగా రెండు దారులు ఉంటాయి. ఏసీ పాయింటు నుంచి లూప్ తీసి పక్క బాత్‌రూములో గీజరుకో, ఇస్త్రీ పెట్టె పాయింటుకో ఇచ్చి ఉండవచ్చు. 2 కిలోవాట్ల గీజరు ఒక్కటే 8.7 ఆంపియర్లు తింటుంది. లేదా ఎంసీబీ దగ్గర స్క్రూ వదులుగా ఉండి, అక్కడ పుట్టిన వేడికి లోపలి బైమెటల్ పట్టీ (వేడెక్కితే వంగి ఎంసీబీని దించే లోహపు పట్టీ) ముందుగానే వంగుతూ ఉండవచ్చు.

రెండో దాని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నేను మూత తీయించి చూసిన డీబీలలో దీన్నే ఎక్కువగా చూశాను. ఈ మధ్య ఒక ఇంట్లో 4 చదరపు మిల్లీమీటర్ల మల్టీస్ట్రాండ్ (సన్నని పోగుల) వైరు చిన్న టెర్మినల్‌లో, అంటే వైరు బిగించే రంధ్రంలో, పట్టలేదని, సగం పోగులను కట్టరుతో కత్తిరించి, మిగిలిన సగాన్నే లోపలికి దూర్చారు. అంటే 4 చదరపు మిల్లీమీటర్లకు డబ్బు పెట్టి కొన్న వైరు ఆఖరి అంగుళంలో 2 అయిపోయింది. ఆ పోగులు నల్లబడి ఉన్నాయి, పైతొడుగు అరంగుళం మేర పెళుసెక్కి వేలు తగిలితే రాలిపోయింది. పక్క ఎంసీబీలో స్క్రూ రాగిని కాకుండా పైతొడుగును పట్టుకుని ఉంది. పైకి చూస్తే రెండూ గట్టిగానే ఉన్నాయి! మల్టీస్ట్రాండ్ వైరు చివరకు సరిపోయే లగ్గు (లోహపు తొడుగు) నొక్కి బిగించి, ఒక టెర్మినల్‌కు ఒకే వైరు బిగించి, కరెంటు లేదని నిర్ధారించుకున్నాక ప్రతి వైరునూ చేత్తో లాగి చూడమని మీ ఎలక్ట్రీషియన్‌ను అడగండి. పది నిమిషాల పని.

మీ ఇంటికి శాశ్వత పరిష్కారం ఏసీకి డీబీ నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల ఫేజు, న్యూట్రల్ వైర్లు, వాటితో పాటు ఎర్త్ వైరు లాగించి, 20 ఆంపియర్ల సి రకం ఎంసీబీ పెట్టించడం. అంతవరకు మాడిన ప్లగ్గును, సాకెట్టును మార్పించి, పాడైన వైరు చివర్లు తీయించి, పాత 16 ఆంపియర్లదే తిరిగి పెట్టించి, ఆ లైనులో ఏసీ తప్ప ఇంకేమీ లేకుండా చూసుకోండి.

ప్రశ్న: కొత్త ఇన్వర్టర్ బిగించిన రోజు నుంచి మా ఆర్‌సీసీబీ (షాక్ నుంచి కాపాడే స్విచ్) పదేపదే పడిపోయింది. బిగించిన కుర్రాడే వచ్చి దాన్ని బైపాస్ చేసి వెళ్ళాడు. మూడు నెలలుగా ఏ ఇబ్బందీ లేదు. ఇలా వదిలేయవచ్చా? (ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: వదిలేయకూడదండీ. మీ ఇంట్లో మనిషి ప్రాణాన్ని కాపాడడానికి ఉన్న పరికరం అదొక్కటే. ఎంసీబీకి ఆంపియర్ల భాష తప్ప తెలియదు. మనిషి గుండెను ఆపడానికి ఆంపియరులో పదో వంతు కూడా చాలు. షాక్ కొట్టిన మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు మీ 6 ఆంపియర్ల లైట్ల ఎంసీబీకి ఒక సీలింగు ఫ్యానుతో సమానం. ఆర్‌సీసీబీ అలా కాదు. ఫేజులో వెళ్ళినంత కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని అది ఎప్పుడూ సరిచూస్తూ, 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే సెకనులో మూడో వంతు లోపే రెండింటినీ తెంచేస్తుంది. అదే సమయంలో, ఓవర్‌లోడును అది పట్టించుకోదు. అందువల్ల ఎంసీబీలు, ఆర్‌సీసీబీ రెండూ ఉండాలి.

మీ ఇంట్లో తప్పు దాదాపుగా న్యూట్రల్‌ దగ్గరే జరిగి ఉంటుంది. ఇన్వర్టరుకు వెళ్ళే ఫేజును ఆర్‌సీసీబీకి ముందు నుంచి తీసుకుని, ఇన్వర్టరుతో వెలిగే లైట్ల న్యూట్రల్ వైర్లను మాత్రం పాత చోటే, ఆర్‌సీసీబీ తరువాతి న్యూట్రల్ లింకులో (న్యూట్రల్ వైర్లన్నీ కలిపే పట్టీలో) వదిలేశారనుకోండి. అప్పుడు వెళ్ళేది ఒక దారిలో, వచ్చేది ఇంకో దారిలో అవుతుంది, లెక్క కుదరక ఆర్‌సీసీబీ పడిపోతుంది. పరికరం బాగానే పనిచేసింది. నా సలహా ఏమిటంటే, ఇన్వర్టర్ లైన్లకు విడిగా ఒక న్యూట్రల్ లింకు, ఇన్వర్టర్ అవుట్‌పుట్ తరువాత వాటికంటూ ఒక 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఒక ఆర్‌సీసీబీ కింది న్యూట్రల్ ఇంకో దాని న్యూట్రల్‌తో ఇంట్లో ఏ స్విచ్‌బోర్డులోనూ కలవకూడదు. మెట్ల దగ్గర రెండు అంతస్తుల నుంచి ఆపరేట్ చేసే లైటు దగ్గర ఈ పొరపాటు తరచుగా దొరుకుతుంది, ముందు అక్కడ చూడమనండి.

సరిచేశాక ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కండి. నొక్కితే పడిపోవాలి. పడిపోకపోతే మార్చాల్సిందే.

ప్రశ్న: వానాకాలంలో మా ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఎంసీబీలన్నీ ఆఫ్ చేసి మళ్ళీ ఎత్తినా నిలబడదు. పరికరమే పాడైందా? (ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: మార్చడానికి తొందరపడకండి. మీ ఎంసీబీలు సింగిల్ పోల్‌వి అయితే, వాటిని ఆఫ్ చేసినప్పుడు ఫేజు మాత్రమే తెగుతుంది, న్యూట్రల్ వైర్లన్నీ లింకులో అలాగే ఉంటాయి. తడిసిన చోట న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతున్నా ఆర్‌సీసీబీ పడిపోతుంది, దానిని ఎంసీబీలు దించి కనుక్కోలేరు. కరెంటు పూర్తిగా తీసి, లింకులోంచి న్యూట్రల్ వైర్లను విప్పి, ప్లగ్గులన్నీ పీకేశాక, 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు పైతొడుగు లీకేజీని కొలిచే మీటరుతో) ఒక్కో లైనును పరీక్షించాలి. కనీసం 1 మెగాఓమ్ రాని లైను దోషి. గేటు లైటు, కాలింగు బెల్లు స్విచ్, సంపు మోటారు, ఈ మూడింటితో మొదలుపెట్టమనండి. ఆరుబయటకు వెళ్ళే లైన్లకు ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే డబుల్ పోల్ ఎంసీబీలు పెట్టిస్తే మరుసటి ఏడాది ఈ వెతుకులాట మీరే చేసుకోగలరు. న్యూట్రల్ వైర్లన్నీ విప్పాక కూడా అది నిలబడకపోతే, అప్పుడు పరికరాన్ని అనుమానించవచ్చు.

ప్రశ్న: మెయిన్ ఆఫ్ చేసి ఎంసీబీని నేనే మార్చుకోవచ్చా? (ముగ్గురు అడిగారు)

జవాబు: వద్దనే చెబుతాను. మెయిన్ ఆఫ్ చేసినా, మీటరు నుంచి వచ్చే వైర్లు దిగే టెర్మినళ్ళలో 230 వోల్టులు ఉంటూనే ఉంటాయి, మీరు స్క్రూడ్రైవర్ పెట్టే చోటుకు అవి అంగుళం దూరంలో ఉంటాయి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అయితే మెయిన్ దించాక కూడా లైట్ల లైన్లు బతికే ఉంటాయి. బ్యాటరీ వైపు ఆఫ్ చేసి, అవుట్‌పుట్ కూడా విడదీయాలి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, ఆయన పని మొదలుపెట్టే ముందు టెస్టర్‌ను ముందుగా కరెంటున్న పాయింటులో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకుంటున్నారేమో గమనించండి. పాడైన టెస్టర్ వెలగనంత మాత్రాన వైరులో కరెంటు లేనట్టు కాదు. మీటరు వైపు, సీలు ఉన్న ఫ్యూజు కటౌట్ల వైపు పని ఉంటే మీ డిస్కమ్‌కు (కరెంటు సరఫరా సంస్థకు) 1912 నంబరులో చెప్పాలి, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అదే నంబరు.

ప్రశ్న: మాది పాత ఇల్లు. ఫేజుకూ న్యూట్రల్‌కూ రెండింటికీ ఫ్యూజు కటౌట్లు ఉన్నాయి. ఎర్త్ గుంత లేదు. ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే, ఎలక్ట్రీషియన్ మూడు పిన్నుల సాకెట్టులో ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపి ఇచ్చారు. జివ్వుమనడం ఆగింది. డీబీ మార్పించాలా? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మార్పించాలి, కానీ అంతకన్నా ముందు ఆ సాకెట్టులో ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపిన ముక్క వైరును ఈ రోజే తీయించి, ఎర్తింగ్ పూర్తయ్యే దాకా ఫ్రిజ్ ప్లగ్గు పీకి ఉంచండి. మీ ఇంట్లో న్యూట్రల్‌కు ఫ్యూజు ఉంది. ఆ ఫ్యూజు తీగ తెగిందంటే లైట్లన్నీ ఆరిపోతాయి, కరెంటు పోయిందనే మీరు అనుకుంటారు. కానీ ఫేజు ఇంట్లోనే ఉంటుంది, ఆన్‌లో ఉన్న ఏదో ఒక బల్బు గుండా న్యూట్రల్ వైరులోకి వచ్చి, సాకెట్టులో కలిపిన ఆ ముక్క మీదుగా ఫ్రిజ్ ఒంటికి చేరుతుంది. చీకట్లో తడుముకుంటూ వెళ్ళి ఫ్రిజ్ తలుపు పట్టుకునేది ఇంట్లో వాళ్ళే. న్యూట్రల్‌లో ఫ్యూజు గానీ, సింగిల్ పోల్ ఎంసీబీ గానీ ఎక్కడా ఉండకూడదు. తెంచాల్సి వస్తే ఫేజుతో కలిపి ఒకే పిడితో రెండూ తెగాలి. త్రీ ఫేజు కనెక్షన్ ఉన్న పాఠకులు ఇక్కడ ఇంకొకటి గమనించాలి. వాళ్ళ మెయిన్ దగ్గర న్యూట్రల్ స్క్రూ వదులైతే, తక్కువ లోడు ఉన్న ఫేజు మీది టీవీకీ ఫ్రిజ్‌కూ 230కి బదులు 400 వోల్టుల దాకా రావచ్చు, ఇల్లంతా ఒకే పూటలో సామాన్లు మాడిపోవడం వెనుక తరచుగా ఉండేది ఇదే.

మీకు కావలసింది ఎర్త్ గుంత. కనీసం 40 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 2.5 మీటర్ల పొడవు ఉన్న జీఐ (జింకు పూత ఇనుప) పైపును నిలువుగా దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి పూడ్చాలి. అక్కడి నుంచి డీబీలోని ఎర్త్ లింకుకు, అక్కడి నుంచి ప్రతి సాకెట్టుకు ఆకుపచ్చ వైరు వెళ్ళాలి. అది పూర్తయ్యాక డబుల్ పోల్ మెయిన్ ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, దాని కింద ఎంసీబీలు ఈ వరుసలో పెట్టించండి. ఆర్‌సీసీబీ మీది ఆంపియర్ల అంకె దానికి ముందున్న మెయిన్ ఎంసీబీ అంకె కంటే తక్కువ కాకుండా చూసుకోవాలి. ఇంట్లో ఇంకే సాకెట్టులోనైనా న్యూట్రల్, ఎర్త్ కలిపిన ముక్క మిగిలిపోయి ఉంటే కొత్త ఆర్‌సీసీబీ నిలబడదు, అలాంటప్పుడు సాకెట్లన్నీ ఒక్కొక్కటిగా విప్పించి చూడండి. ఫ్రిజ్ మళ్ళీ జివ్వుమంటే ఎర్త్ దాని ఒంటిదాకా సరిగా చేరడం లేదని అర్థం, ప్లగ్గు పీకి ఎలక్ట్రీషియన్‌ను, మెకానిక్‌ను పిలవండి. ఎండాకాలంలో గుంతలో వారానికి రెండు బిందెల నీళ్ళు పోయడం మరచిపోకండి.